తలుపు తీసేది నాయనమ్మ

గుణుపురంలో మా ఇంటిని
దెయ్యాలోళ్ళ ఇల్లు అనేవారు.
పాలబ్బాయి గుమ్మం దాటేవాడు కాదు,
చెంబు మెట్టు మీద పెట్టి సైకిలు గంట కొట్టేవాడు.

తాత కూర్మారావు చిన్న రైలు స్టేషన్లో టిక్కెట్ల గుమాస్తా.
మధ్యాహ్నం బండికీ సాయంత్రం బండికీ నడుమ
సరుకు రసీదుల వెనక దెయ్యాల్ని రాసేవాడు,
మిట్ట ఎండలో.
చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్ళాలంటే మాత్రం
నాయనమ్మ లాంతరు పట్టుకుని ముందు నడవాలి.

ఆయన కథలన్నీ ఒక తలుపు దాకా వస్తాయి.
గొళ్ళెం మీద చెయ్యి పడుతుంది.
అక్కడ కలం ఆగుతుంది.
"నీలమణే, లోపలేటుంటాది?"

అక్షరం ముక్క రాని నాయనమ్మ
చేపలు తోముతూ, తల ఎత్తకుండా చెప్పేది:
"ఏటుంటాది, ఉయ్యాలుంటాది.
ఊగతా ఉంటాది. గాలి నేదు."

తాత రాసుకునేవాడు.
రాసి, చేతులు కడుక్కునేవాడు.
ఆవిడ ఇద్దర్ని వంశధార ఇసకలో పెట్టొచ్చిందని
ఆ కథలు పదిసార్లు చదివాక గాని నాకు తెలీలేదు.

నాన్న కాలానికి మా దెయ్యాలు
బెజవాడలో అచ్చయి పార్సిల్లో తిరిగొచ్చేవి,
మాసిన కాగితం, జేబులో పట్టే సైజు,
అద్దెకి రోజుకి పావలా.
నాన్న దెయ్యాలు మగాళ్ళు.
నోట్ల మీది వేలిముద్రలు నాకి చూసే షావుకారు.
సవరలు కొండ దించిన చింతపండు తూచే తక్కెడ,
ఎవరూ లేని కొట్లో, అర్ధరాత్రి,
దానంతటదే ఒక పక్కకి ఒరిగే తక్కెడ.
అట్ట మీద మాత్రం ప్రతిసారీ
తెల్లచీర, విరబోసిన జుట్టు, రెండు కోరలు.
"కథలో ఆడమనిషే లేదు కదా" అని మేం నవ్వితే
"అట్ట ఆళ్ళది, తక్కెడ నాది" అనేవాడు.
అచ్చువేసే ఆసామి ప్రతి ఉత్తరంలోనూ ఒకటే మాట:
నెత్తురు చాల్లేదు, బరాటం గారూ.
నెలాఖరుకి మా ఇంట్లో ఏదీ చాలేది కాదు.

నేనూ రాశాను. నాలుగే.
లిఫ్టు, ఆసుపత్రి వరండా, రెండు గంటలకి మోగే ఫోను.
నాన్న చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
"బాగానే ఉంది గానొరే,
రాస్తున్నప్పుడు నీకు భయం వేసిందా?"
వెయ్యలేదు.
మానేశాను.

మా అమ్మాయి ఒడియా బళ్ళో ఏడో తరగతి.
తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడం రాదు.
మొన్న వానకి కరెంటు పోతే
అటక మీది రేకుపెట్టె దించి దాని ముందు పెట్టాను.
రసీదుల మీద వేలు పెట్టి చాలాసేపు చూసి
"అన్నీ గుండ్రంగానే ఉన్నాయి, మా అక్షరాల్లాగే.
ఒక్కటీ నాతో మాట్లాడట్లేదు నాన్నా" అంది.

మూడు తరాల దెయ్యాలు
ఆ పెట్టెలో ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి.
ఇంత చల్లని వాక్యం మా ఇంట్లో ఎవరూ రాయలేదు.

దీపం తగ్గించి, నేనే చదివి వినిపించాను.
గొళ్ళెం మీద చెయ్యి పడే దాకా వచ్చి
కావాలనే ఆపాను.
మిగతాది రేపు, పడుకో.

తెల్లారి దాని లెక్కల పుస్తకం ఆఖరి పేజీలో
పెన్సిలుతో నాలుగు ముక్కలు, ఒడియా లిపిలో.
కూడబలుక్కుంటూ చదివాను.
అక్షరాలు ఒడియావి, మాటలు మావి:

"లోపల ఉయ్యాల నేదు.
ఎవులో ఇప్పీసినారు.
కొక్కేనికి తాడు ఒరుసుకున్న సప్పుడు మట్టుకు
ఉంది."

ఉయ్యాల సంగతి నేనింకా చదవనే లేదు.
నేదు అనే మనిషి
ఇది పుట్టకముందే పోయింది.

మెట్టు దగ్గర సైకిలు గంట మోగింది.
చెంబుకి నేను వెళ్ళలేదు,
పిల్లని ముందు నడవమన్నాను.

వేసింది నాన్నా,
ఇప్పుడు వేసింది.